మడ జెర్రి పళ్ళు

పడవ కాలవ లాకులోకి వచ్చి ఆగింది. వెనక తలుపులు మూసేశారు గానీ, ముందు తలుపులు తెరవాల్సిన లస్కరు అన్నానికి వెళ్ళాడట. సరంగు రత్తయ్య గెడ అడ్డంగా పడేసి, గట్టు మీద కనిపించని ఎవరినో రెండు కేకలు వేసి, తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "గంట పడుద్దండీ అమ్మగారూ. ఆయన తినాలి, చుట్ట కాల్చాలి, పెళ్ళాం చేత నాలుగు మాటలు పడాలి, అప్పుడుగానీ రాడు," అన్నాడు. చౌడేశ్వరి సరేనని తల ఊపింది. రెండు పక్కలా పాకుడు పట్టిన రాతి గోడలు, వాటి సందుల్లోంచి నీళ్ళు సన్నగా కారుతున్న చప్పుడు, నెత్తిన పొడుగ్గా చింపిన పేలికలాంటి ఆకాశం. మగ్గం గుంటలోకి దిగితే ఇలాగే ఉండేది. చిన్నప్పుడు పెడనలో, నాన్న అన్నానికి లేచినప్పుడు, ఆమె ఆ గుంటలోకి దిగి చల్లటి మట్టికి వీపు ఆనించి కూర్చునేది. లోకమంతా పైన ఉండేది, తనొక్కతే కింద. అమ్మ పిలిచినా పలికేది కాదు. పలకకూడదని కాదు, గొంతు బయటికి వచ్చేది కాదు. ఇప్పుడు పిలిచేవాళ్ళే లేరు. ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఒళ్ళో చేతిసంచి, సంచిలో ఇంకా కవరులో పెట్టి అంటించని ఉత్తరం, పక్కన తాటాకు బుట్ట. బుట్ట వాసన వేస్తోంది.

ఉత్తరంలో మూడే వాక్యాలు. బాలికల పాఠశాలల ఇన్‌స్పెక్ట్రెస్ ఉద్యోగం తనకు సమ్మతమే అనీ, ఏప్రిల్ ఒకటో తారీకున బెజవాడలో చేరతాననీ, ఇట్లు విధేయురాలు అనీ. ఈ సాయంత్రం బెజవాడలో టపా కట్టేలోగా డబ్బాలో వేస్తే రేపు మద్రాసు చేరుతుంది. రేపటితో గడువు సరి. వేస్తే ఇక జట్కా బండిలో ఊరూరా తిరిగి ఆడపిల్లల కుట్టుపని చూడటం, హాజరు పట్టీలు చూడటం, పంతులమ్మలు భయపడి లేచి నిలబడితే కూర్చోమని చెప్పడం. సముద్రం ఉండదు. వెయ్యకపోతే మద్రాసు కాలేజీలో తన ప్రొఫెసరుగారి బల్ల ముందు నిలబడాలి. ఏం తెచ్చావని ఆయన అడిగితే ఈ బుట్ట మూత తియ్యాలి. ఆయన ముక్కు మూసుకోడు, మర్యాదస్తుడు. కిటికీ తెరవమని అటెండరుకు చెబుతాడు, అంతే. అటెండరు కిటికీ తెరుస్తూ నవ్వుకుంటాడు. ఆ సాయంత్రానికి కాలేజీ అంతా తెలుస్తుంది, చౌడేశ్వరి అయిదేళ్ళ తర్వాత సముద్రం నుంచి ఉప్పు పెట్టిన పురుగులు తెచ్చిందని.

"ఏమ్మాయ్, ఆ బుట్టలో ఎండు రొయ్యలా?"

చల్లపల్లిలో ఎక్కిన ముసలావిడ, బుల్లెమ్మగారు, బియ్యం బస్తాకు ఆనుకుని కూర్చుని అప్పట్నుంచీ అటే చూస్తోంది. పెద్ద రైతు ఇంటి మనిషి, చేతులకు మట్టిగాజులూ బంగారు గాజులూ కలిపి వేసుకుంది. నోట్లో నాలుగే పళ్ళు. బెజవాడలో ఉన్న కొడుకు హనుమయ్య పళ్ళు కట్టిస్తానని రమ్మన్నాడట, ఆ సంగతి పడవ ఎక్కిన దగ్గర్నుంచీ మూడుసార్లు చెప్పింది.

"కాదండీ మామ్మగారూ."

"చేపలా? చేప వాసనలాగానూ లేదే."

"పురుగులండీ."

"పురుగు పట్టిందా? ఏం పట్టింది, పప్పా?"

"పట్టడం కాదండీ. పురుగులే. సముద్రపు ఒడ్డున బురదలో ఉంటాయి. అవి ఎలా ఉంటాయో, ఎలా బతుకుతాయో చూసి రాయడం నా పని."

బుల్లెమ్మగారు బుట్టనూ ఆమె మెడనూ మార్చి మార్చి చూసింది. "నీకు మొగుడున్నాడా?"

"లేడండీ."

"అదీ సంగతి," అంది ఆవిడ, లెక్క తేలినట్టు, బస్తాకు ఇంకాస్త వెనక్కి ఆనుకుంటూ.

రత్తయ్య నవ్వు దాచుకోడానికి అటు తిరిగాడు. చౌడేశ్వరికి కోపం రాలేదు. ఇది చాలామంది అన్నదే, ఇంత సూటిగా కాకపోయినా. బందరు మిషను స్కూల్లో ఆఖరి పరీక్ష పాసైన ఏడు ఒక సంబంధం వచ్చింది, పిల్లవాడు బట్టల కొట్టులో గుమాస్తా. అప్పటికే ఆమె గూట్లో మంగినపూడి ఒడ్డున ఏరిన గవ్వలూ, పీత డొక్కలూ, ఒక ఎండిన నక్షత్రపు చేపా వరసగా పెట్టుకుంది. పిల్లవాడి తల్లి గూటి దగ్గర నిలబడి వాటిని చూసి, మళ్ళీ ఆమెను చూసి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళింది. అమ్మ ఆ రాత్రి గూడు తుడిచేస్తానంది. నాన్న, "ఉండనీ, అవేం అన్నం అడుగుతున్నాయా," అన్నాడు. అంతే. ఆయన మాటలు ఎప్పుడూ అంతే, మగ్గం మీద నాడె ఇటు వచ్చి అటు వెళ్ళే మధ్యలో పట్టేటన్ని. ఆ మాట మీదే ఆమె మద్రాసు వెళ్ళింది. ఆ మాట మీదే ఇరవయ్యేళ్ళు గడిచాయి.

మద్రాసు. ఆ కాలేజీలో జంతుశాస్త్రం గదిలో ఆడవాళ్ళకు స్టూలు లేదు. మొదటి రోజు బంట్రోతు ఎక్కడినుంచో ఒక స్టూలు తెచ్చి కిటికీ పక్కన, అందరికీ దూరంగా వేశాడు. వేసిన చోటే అది పదేళ్ళు ఉంది. పక్కన ఎవరూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు, ఆమే ఎవరినీ పిలవలేదు. కప్పలను కోసేటప్పుడు మగపిల్లలు ఆమె వైపు చూసేవాళ్ళు, ఎప్పుడు కళ్ళు తిరిగి పడుతుందా అని. ఆమె పడలేదు. కత్తెర పట్టడం, సన్నటి పోగును తెగకుండా పట్టి లాగడం పెడనలో ఏడేళ్ళకే వచ్చేసింది. మగ్గం మీద తెగిన పడుగు పోగును అతికే చెయ్యికి కప్ప నరం ఎంత. ఆదివారాలు మాత్రం కష్టంగా ఉండేవి. హాస్టల్లో అందరికీ చుట్టాలు వచ్చేవాళ్ళు, ఆమె సముద్రం ఒడ్డుకు వెళ్ళి నీళ్ళు తగ్గిన చోట వంగుని నడిచేది. వంగుని నడిచే మనిషిని ఎవరూ పలకరించరు. ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటోంది అనుకుంటారు. అది బాగుండేది. ఎం.ఎస్సీ. వచ్చింది, పరిశోధనకు ఫెలోషిప్ వచ్చింది, సముద్రపు పురుగుల మీద ఆమె రాసినవి రెండు అచ్చయ్యాయి. ఈ తీరాన వాటిని పట్టించుకున్న ఆడది ఇంకొకతె లేదని ఎవరో పత్రికలో రాశారు. ఆ పత్రిక ముక్క పెట్టెలో ఉంది. చూపించడానికి ఎవరూ లేక ఆమె దాన్ని తనే అప్పుడప్పుడూ చదువుకునేది.

గోడ మీద నీటి గీత దగ్గర చిన్న నత్తలు అంటుకుని ఉన్నాయి. మంచినీటి నత్తలు. ఆమె చూపు దానంతట అదే లెక్క మొదలుపెట్టింది, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఎప్పుడూ ఇంతే. రైలు స్తంభాలూ, హాస్టలు మెట్లూ, చివరికి నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్ళ చెప్పులూ. లెక్కపెట్టకుండా చూడటం రాదు. ఆ లెక్కే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

యుద్ధం మొదలైన మరుసటి ఏడు, నలభైలో, కార్తీకంలో, కృష్ణ సముద్రంలో కలిసే చోట, మడచెట్ల వేళ్ళ మధ్య ఒక సన్నటి పాయలో, మోకాలి లోతు బురదలో ఆమెకు మూడు పురుగులు దొరికాయి. చూపించినవాడు ఆమోసు, అక్కడ చేపలు పట్టే పల్లెకారు. వాళ్ళు దాన్ని మడ జెర్రి అంటారు, గేలానికి ఎరగా గుచ్చుతారు. జానెడు పొడుగు, చెరుకు గడలా కణుపులు, ప్రతి కణుపుకూ రెండు పక్కలా ముళ్ళలాంటి వెంట్రుకలు. దాని గొంతు లోపల పళ్ళుంటాయి. ఆహారం పట్టేటప్పుడు చొక్కా చెయ్యి తిరగేసినట్టు గొంతును బయటికి తిప్పుతుంది, అప్పుడు ఆ పళ్ళు నల్లటి చుక్కల్లా గుంపులు గుంపులుగా కనపడతాయి. ఏ గుంపులో ఎన్ని అన్నదాన్ని బట్టే అది ఏ జాతో తేలుతుంది. ఒకదాన్ని కోసి చూసింది. కింది గుంపులో పంతొమ్మిది. ఏ పుస్తకంలోనూ పంతొమ్మిది లేదు. అంటే ఈ పురుగును లోకంలో ఇంతకుముందు ఎవరూ రాయలేదు.

ఆ సాయంత్రం మద్రాసులో ఆ గదిలో ఎవరూ లేరు. దీపం తీసేయడానికి వచ్చిన అటెండరుతో, "పంతొమ్మిది," అంది. ఆయన, "సరి అమ్మా," అని అరవంలో అని దీపం తీసుకుపోయాడు. చీకట్లో కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత నాన్నకు కార్డు రాసింది, సంగతి అంతా, పళ్ళ గుంపు బొమ్మ వేసి మరీ. వారానికి జవాబు వచ్చింది, ఆయన లావుపాటి అక్షరాలతో, సగం కార్డు ఖాళీగా: నీ పురుగు సంగతి తెలిసింది. సంతోషం. రెండోసారి చూశావా?

చూడలేదు. మిగతా రెండూ చెక్కుచెదరకుండా ఇంగ్లండు పంపాలని కొయ్యలేదు. కోసింది ఒకటే, లెక్కపెట్టింది ఒకసారే. బొమ్మలూ ఆ రెండు పురుగులూ వెళ్ళిన ఓడ నలభై ఒకటిలో మునిగింది. కోసినదాన్నీ నోటు పుస్తకాన్నీ సర్దిన పెట్టె, జపాను బాంబుల భయానికి మద్రాసు ఖాళీ చేసిన ఏడు, దారిలో ఎక్కడో తప్పిపోయింది. మిగిలింది ఒక అంకె, అదీ ఆమె తలలో. తీరానికి వెళ్ళవద్దని కాలేజీ కాగితం పంపింది. యుద్ధం అయిపోయాక ఆమె సంగతంతా మళ్ళీ రాస్తే ఇంగ్లండు నుంచి ఉత్తరం వచ్చింది, పురుగుల మీద పెద్ద పుస్తకం రాస్తున్న ఒక పెద్దాయన దగ్గర్నుంచి. బర్మా తీరాన తనకూ ఇలాంటిదే దొరికిందట. దానికి పన్నెండు. మీరు చూసినదీ ఇదే అయి ఉంటుంది, పంతొమ్మిది అన్నది, క్షమించాలి, లెక్కలో పొరపాటు కావచ్చు, నమూనా ఉంటే వేసవిలోగా పంపండి, పుస్తకం అచ్చుకు వెళుతుంది. ప్రొఫెసరుగారు ఆ ఉత్తరాన్ని ఆమె ముందు పెట్టి, "నిన్ను నమ్మనని కాదు చౌడేశ్వరీ. కానీ నమ్మకాన్ని సీసాలో పెట్టి చూపించలేం కదా," అన్నారు. మార్చి నెలాఖరుతో ఫెలోషిప్ అయిపోతుంది. ఆయన దాన్ని ఇంకో ఏడు పొడిగించమని రాయాలంటే ఏదో ఒకటి ఉండాలి.

పొరపాటు కావచ్చు. ఆ మాట ఎన్ని రాత్రులు నమిలిందో. పెద్దాయన పొగరుగా రాయలేదు, అదే కష్టం. పొగరుగా రాస్తే కోపం తెచ్చుకోవచ్చు. లెక్కలో పొరపాటు తను ఎప్పుడూ చెయ్యలేదా? చేసింది.

తొమ్మిదేళ్ళప్పుడు. పడుగు పోసేటప్పుడు నిలువు పోగులు లెక్కపెట్టే పని ఆమెది. నాన్న కోటిలింగం ఊరి సాలీల్లో లెక్కకు పేరు. కూతురుకు అదే వచ్చిందని ఆయనకు లోపల గర్వం, పైకి చెప్పడు. ఆ రోజు ఆమె మనసు ఎక్కడో ఉంది, రెండు పోగులు తక్కువ పోసింది. మగ్గానికి ఎక్కించాక ఆయనకు తెలిసింది. పడుగు విప్పలేదు, ఆమెను పిలవలేదు. ఆ పడుగంతా నేశాడు. బట్ట పొడుగునా సన్నటి గీత, రెండు పోగులు లేని చోట వెలుతురు కనిపించే గీత. ఆ పంచెలు, నూలిచ్చి బట్ట తీసుకునే షావుకారు వెంకటప్పయ్యగారికి ఇవ్వలేదు. మడత భూతద్దం పెట్టి నూలు లెక్కచూసే షావుకారు అది పట్టుకోకుండా ఉంటాడా. నాలుగు జతలూ నాన్నే కట్టుకున్నాడు, నాలుగయిదేళ్ళు. ఒకసారి దండెం మీద పంచె ఆరేస్తుంటే ఎండ పడి ఆ గీత మెరిసింది. "ఇదేంటి నాన్నా?" అంటే, "పాత పంచె కదమ్మా," అన్నాడు. ఆయన పోయాక, నలభై మూడులో, పదో రోజున అమ్మ వెంకటరావమ్మ బట్టలు సర్దుతూ చెప్పింది, "నీ పోగులే అవి. నువ్వు లెక్క మానేస్తావేమోనని ఆయన భయం." అమ్మ మామూలుగానే చెప్పింది, చెప్పి పెట్టె మూసింది. చౌడేశ్వరి పెరట్లోకి వెళ్ళి నిలబడింది. ఏడుపు రాలేదు. తర్వాత చాలా రోజులకు, మద్రాసులో ట్రాములో, ఎవరిదో పంచె చూసి వచ్చింది.

నిన్న ఆమోసుతో తనూ అలాగే చేసింది. పాత పంచె కదమ్మా అన్నట్టే.

నిన్న పొద్దున ఆ పాయ కోసం వెళితే పాయ లేదు. "రెండేళ్ళ కిందటి వరదకి పూడిపోయిందండీ. ఇసక మేటేసింది. మడ చెట్లు కూడా చచ్చిపోయాయి, జెర్రి ఎక్కడుంటది," అన్నాడు ఆమోసు. ఆమె ఆ ఇసక మీద నిలబడింది. తెల్లగా, శుభ్రంగా, ఏమీ లేకుండా ఉంది. అప్పుడు ఆయన, ఎప్పట్నుంచో ఆ క్షణం కోసం ఆగినట్టు, "మీరు రండి అమ్మగారూ," అని గుడిసెకు తీసుకెళ్ళి, పొయ్యి పైన దూలానికి కట్టిన బుట్ట దింపాడు. అందులో వల అల్లే తాడు, తాడుకు నలభై ఒక్క ముడి, ముడికొక పాత వల ముక్క, ప్రతి ముక్కలో ఒక జెర్రి. ఆమె రాలేని ఏళ్ళలో పాయ ఇంకా బతికి ఉండగా పట్టినవి. అన్నీ ఉప్పు పెట్టి, ఎండబెట్టి, పొగలో ఉంచినవి. "ఇవి చెడకుండా మీరిచ్చిన సీసా మందు అయిపోయిందండీ," అన్నాడు. లోపల్నుంచి ఆయన భార్య మాణిక్యం, "అయిపోలేదండీ, నేనే పారబోశాను. కళ్ళమ్మట నీళ్ళు. పిల్లలున్న ఇల్లు. ఈయన నాతో మూడు రోజులు మాట్లాడలేదు, నాకు సుఖంగా ఉంది," అంది. ఆమోసు వినిపించుకోలేదు. "ఉప్పు దొరకని రోజుల్లో కూడా వీటికి లోటు చెయ్యలేదండీ. చందువ చేపలకి తగ్గించాను గానీ వీటికి తగ్గించలేదు. ఒక్కటి కూడా చెడలేదు, చూడండి," అన్నాడు. ఆయనకు తెలిసినవాటిలో అన్నిటికన్నా శ్రద్ధగా దాచే పద్ధతి అది. మెత్తటి జంతువును ఉప్పులో వేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నీరంతా పోయి తోలుముక్క అవుతుంది. మొదటి ఏడు పిల్లలకు కూడా చెప్పే పాఠం. "చాలా బాగున్నాయి ఆమోసూ," అంది. ఆయన తల వంచుకుని నవ్వాడు. మాణిక్యం అన్నం పెట్టింది. తింటున్నంతసేపూ ఆ అబద్ధం గొంతులో ముల్లులా ఉంది.

ఈ కాలవలోకి జారవిడిచేస్తే సరి, ఎవరికీ తెలియదు. ఇంకో వారంలో కాలవలు కట్టేస్తారు, నీళ్ళు ఇంకిపోతాయి, బురదలో ఏం కనపడినా ఎవరడుగుతారు. చెయ్యి బుట్ట అంచు మీదికి వెళ్ళింది.

"ఏదీ, ఒకటి చూపించవే," అంది బుల్లెమ్మగారు. "గంట ఏం చేస్తాం, ఆయన చుట్ట అయ్యేదాకా."

చౌడేశ్వరి మొదటి ముడి విప్పింది. ముసలావిడ దాన్ని అరచేతిలో వేసుకుని ఎండలోకి తిప్పి చూసింది. అసహ్యపడలేదు. "ఎండిపోయింది పాపం. మామిడి వరుగులాగుంది. నీళ్ళలో వెయ్యకపోయావా? నానితే పొంగుద్ది."

"ఇది వరుగు కాదండీ మామ్మగారూ."

"ఏదైనా వరుగే. ఎండేసిందంతా వరుగే. నానెయ్యి."

చదువుకున్నవాళ్ళెవరూ ఆ మాట అనరు. చదువుకున్నవాళ్ళు పారేస్తారు. ఆమె చెంబుతో కాలవ నీళ్ళు ముంచి, ఇత్తడి గ్లాసులో పోసి, ఆవిడ మాట తీసేయడం ఇష్టంలేక జెర్రిని అందులో వేసింది. ఉప్పు కరిగి నీళ్ళు తెల్లబడ్డాయి. మార్చింది. మళ్ళీ తెల్లబడ్డాయి, మళ్ళీ మార్చింది. ఎండ సరిగ్గా నెత్తి మీదికి వచ్చి ఆ రాతి గుంటలోకి నిలువుగా పడుతోంది, గ్లాసు అడుగు దాకా. కణుపులు మెల్లగా విడుతున్నాయి. ఒళ్ళు మాత్రం మళ్ళీ ఒళ్ళు కాలేదు, నలిగిన గుడ్డపేలికలా ఉంది. కానీ పక్కలనున్న వెంట్రుకలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి, బూజు దులిపిన చీపురులా. ఆమె ముందుకు వంగింది. తల దగ్గర ఏదో ఉబ్బుతోంది. ఉప్పు తగిలినప్పుడు, చచ్చిపోయే ముందు, ప్రాణభయంతో గొంతు మొత్తం బయటికి తిప్పేసింది అది. తిప్పినది తిప్పినట్టే ఎండిపోయింది. మందు సీసాలో ఎప్పుడూ అలా తిప్పవు, ముడుచుకునే చస్తాయి, అందుకే కొయ్యాల్సి వచ్చేది. మెత్తనిదంతా ఉప్పు తీసుకుపోయింది. పళ్ళు మెత్తనివి కావు.

చేతిసంచిలో మడత అద్దం ఉంది, షావుకారు వెంకటప్పయ్యగారిది. చూపు మందగించాక, "నాకిక అద్దం ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే, నీ పిల్లకివ్వు కోటిలింగం," అని నాన్న చేతిలో పెట్టాడు. ఏడేళ్ళప్పుడు మొదటిసారి ఆ అద్దంలోంచే ఆమె చూసింది, నూలు పోగులు మోకుల్లా కనపడ్డాయి. అద్దం విప్పి గ్లాసు మీద వంగింది. నల్లటి చుక్కలు. ఉన్నాయి. పైన ఒక గుంపు, పక్కన ఒక గుంపు, కింద ఇంకొకటి. కొప్పులోంచి పిన్ను తీసి కొనతో నెమ్మదిగా తిప్పింది. వేళ్ళు నీళ్ళలో ఉంటే గుర్తు పెట్టుకోవడం కష్టం, గీతలు గియ్యడానికి కాగితం కావాలి. ఎడమ చేత్తో సంచిలో తడిమి పెన్సిలు ముక్కా, అందిన కాగితమూ లాగి, కాగితాన్ని తిరగేసి మోకాలి మీద పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే గట్టు మీద దగ్గు వినపడింది. లస్కరు వచ్చాడు. ఇనప చెయ్యి తిప్పే చప్పుడు. ఇక తూములోంచి నీళ్ళు దూకుతాయి, పడవ ఊగుతూ పైకి లేస్తుంది, గ్లాసులో ఏదీ నిలబడదు.

"ఆగండి," అంది చౌడేశ్వరి.

ఎవరికీ వినపడలేదు. ఎప్పుడూ వినపడదు. ఆమె తల ఎత్తి, గోడల మధ్య నుంచి, ఆ ఆకాశపు పేలిక వైపు గొంతెత్తింది. "నీళ్ళు వదలొద్దు. కాసేపు ఆగండి."

రత్తయ్య బిత్తరపోయాడు. "ఇప్పటిదాకా రాలేదని తిట్టుకున్నదీ మనమే కదండీ."

పైనుంచి ఒక మీసాల ముఖం వంగి చూసింది. "ఏంటంట?"

"అమ్మగారు పురుగు పళ్ళు లెక్కపెడతన్నారంట."

ఆ ముఖం ఇంకాస్త కిందికి వంగింది. తర్వాత, "ఎన్నున్నాయంట?"

"అదేగా చూసేది, ఉండవయ్యా," అంది బుల్లెమ్మగారు.

లాకులో నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. పెడనలో పడుగు ముందు కూర్చున్నప్పటి నిశ్శబ్దం అది. ఒకటి. రెండు. మూడు. ప్రతి చుక్కకూ పిన్ను కొన ఆనించి, చూపు అక్కడే ఉంచి, కుడి చెయ్యి తీసి గీత గీసి, మళ్ళీ పిన్ను. అయిదు గీతలకొక అడ్డగీత. పన్నెండు. ఇక్కడ ఆగిపోతుందా? పదమూడు ఉంది. పదమూడు పక్కనే, ఉప్పు రవ్వ కాదు గదా, కాదు, పిన్నుకు కదల్లేదు, పద్నాలుగు. పదిహేను చిన్నది. మనసు ఎక్కడికీ పోకూడదు, నాన్న దగ్గరికి కూడా. పదహారు. పదిహేడు. పద్దెనిమిది ఒక మడత కింద ఉంది. ఆ మడతను పిన్నుతో ఎత్తింది. దాని వెనక ఇంకొకటి. అంతే. చుట్టూ ఖాళీ. మళ్ళీ మొదట్నుంచి, ఈసారి అటు నుంచి ఇటు. మళ్ళీ అక్కడే ఆగింది.

"పంతొమ్మిది," అంది పైకి.

"ఏంటి, పళ్ళా?" అంది బుల్లెమ్మగారు.

"అవునండీ. ఒక్క గుంపులోనే."

"జెర్రికా?"

"జెర్రికేనండీ."

ఆవిడ తన నాలుగు పళ్ళ మీద నాలుక ఆడించుకుంది. "దాని కొడుకు ఎవడో గానీ నాకన్నా ముందే కట్టించాడు."

గట్టు మీద లస్కరు నవ్వాడు, రత్తయ్య నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళు మసకబారాయి, అద్దం మూసి చీర కొంగుతో తుడిచింది, అద్దాన్నే. "ఇక వదలమనండి," అంది. తూము తెరిచారు. నీళ్ళు నురగలు కక్కుతూ దూకాయి, పడవ ఒకసారి గోడకు తగిలి, లేవడం మొదలుపెట్టింది. లస్కరు అప్పటికే వేరే పడవ వాడితో ఇంకేదో మాట్లాడుతున్నాడు. బుల్లెమ్మగారు బస్తాకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. పంతొమ్మిది అంటే ఏమిటో ఈ కాలవ పొడుగునా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు, తెలిసిన ఒక్క నాన్నకూ ఇక కార్డు రాయడానికి లేదు. నిన్న ఆమోసుతో అన్న మాట మాత్రం, చాలా బాగున్నాయి అన్నది, ఇందాకటి దాకా ముల్లులా ఉన్నది, ఇప్పుడు వెతికితే లేదు.

మోకాలి మీద కాగితం తడిసి అంటుకుంది. తీసి చూస్తే ఉత్తరం. చిన్నప్పుడు ఆమె డైరీ రాసింది కూడా వెనకవైపులే, నూలు కట్టల మీద వచ్చే రంగు బొమ్మల కాగితాల వెనక. గీతలు ఒత్తుగా పడి ఇటువైపుకు తేలాయి, సమ్మతమే అన్న మాట మీదుగా మూడు, విధేయురాలు మీదుగా రెండు. ఉప్పు నీటి మరక ఒకటి మధ్యలో పాకుతోంది. ఆమె దాన్ని గీతలు పైకి వచ్చేలా మడిచి రవికెలో దోపుకుంది.

గోడల మీది నత్తలు కిందికి దిగిపోతున్నాయి. పాకుడు అయిపోయి పొడిరాయి వచ్చింది, గట్టు మీది గడ్డి వచ్చింది, తర్వాత ఒక్కసారిగా రెండు పక్కలా చెరుకు తోటలూ గాలీ. దూరంగా ఉయ్యూరు ఫ్యాక్టరీ పొగ గొట్టం. ముందు తలుపులు విడుతున్నాయి. తాడు లాగేవాళ్ళు గట్టు మీద తాడు భుజాన వేసుకుంటున్నారు. ఎవరూ చూడటం లేదు. చూశాను నాన్నా, అనుకుంది చౌడేశ్వరి. గ్లాసులో నీళ్ళు మార్చి, బుట్ట ఒళ్ళోకి లాక్కుని, రెండో ముడి విప్పడం మొదలుపెట్టింది.